కొండ తెరవకముందు కోసిన కాయ

హువాంగ్‌యా ఊళ్ళో లియన్‌చ్యావ్ కాయ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు కొండదేవుడి గుడి దగ్గర జేగంట మోగాలి. గంట మోగాలంటే కొండ కాపలా మనిషి పదిమంది ముందూ నిలబడి, ‘ఈ ఏడు కొండ మీద దొంగచెయ్యి పడలేదు’ అని చెప్పాలి, పడితే ఎవరిదో పేరు పెట్టి చెప్పాలి. ఆ మాట చెప్పే పెత్తనం కొన్నేళ్ళుగా గాయ్‌మెయ్‌ది. పెత్తనమంటే జీతం, భత్యం ఏమీ లేవు. చేతికో ఎర్ర గుడ్డపట్టీ, ఊరందరి తిట్లూ, అంతే. అయినా ఆ పట్టీ అంటే ఆవిడకి ప్రాణం. కూర వండేటప్పుడు కూడా తియ్యదని ఆడవాళ్ళు వెనకాల నవ్వుకునేవారు.

నవ్వుకోనీండి. తైహాంగ్ కొండల్లో అలాంటి కాపలా మనిషి ఇంకో ఊరికి లేదు. గాయ్‌మెయ్ తోడేలునైనా నమ్మేది గానీ కోతల ముందు మనిషిని నమ్మేది కాదు.

ఆమె అనుమానానికి అర్థం లేకపోలేదు. చలి తగ్గీ తగ్గగానే, ఆకు కూడా వెయ్యకముందే, లియన్‌చ్యావ్ పొదలు పసుపు ముద్దలైపోతాయి. అప్పుడు పట్నం నుంచి జనం వచ్చి ఫొటోలు దిగి పోతారు. ఊరివాళ్ళు పువ్వు వంక చూడను కూడా చూడరు. వాళ్ళకు కావలసింది ఎండలు ముదిరాక అవే కొమ్మలకి పక్షిముక్కుల్లా వేలాడే పచ్చికాయ. జ్వరానికీ, గొంతు వాపుకీ, పుండుకీ, గడ్డకీ దేశం మొత్తం మందుల కొట్లలోకి పోయేది ఆ కాయే. హువాంగ్‌యా ఏడాదంతా తినేది ఆ కొద్ది రోజుల కోతమీదే. తొందరపడి లేతగా కోస్తే కాయలో సత్తువ ఉండదు. ఒక్క ఇల్లు దొంగతనంగా కోసిందంటే, రేపు తన వంతు పోతుందేమోనని రెండో ఇల్లు ఎగబడుతుంది, మూడోది దాని వెనకే. వారం తిరక్కుండా కొండ బోడిగుండు. అందుకే కట్టుబాటు గట్టిది. గంట మోగకముందు కోసిన ఇంటివాళ్ళు ఆ ఏడు కొండెక్కకూడదు. మొగుడూ పెళ్ళాం, పిల్లాజెల్లా, ఎవరూ. వాళ్ళ వంతు వాలు మిగతా ఊరు పంచుకుంటుంది.

ఆ ఏడు గంటకి ఇంకా వారం ఉందనగా ఎర్రరాయి లోయలో గాయ్‌మెయ్ ఒక పొద ముందు ఆగిపోయింది. కింది కొమ్మల్లో కాయల్లేవు.

వంగి చూసింది. మేకైతే ఆకు కూడా మేసేది. పొరుగూరి దొంగైతే కొమ్మ విరిచి సంచిలో కుక్కుకుని పరుగెత్తేవాడు. ఇక్కడ ఆకు ఆకులాగే ఉంది. వచ్చే ఏటి పువ్వు పుట్టే కణుపు చెక్కు చెదరలేదు. కాయ ఒక్కటే లేదు. పక్క పొదలోనూ అంతే, కింద గుప్పెడు. ఆ పక్కదాంట్లో ఇంకో గుప్పెడు. దారినపోయే వాడికి కనపడకుండా, పొదకి నొప్పి తెలియకుండా ఎవరో ఓపిగ్గా దూసుకుపోయారు.

“ఇది మనూరి చెయ్యే” అని పైకే అనేసి, ఎవరన్నా విన్నారేమోనని చుట్టూ చూసింది.

కోసినవాడు ఎవడైనా సరే, కాయ ఇంట్లో దాచలేడు. పచ్చికాయకి ఆ రోజే ఆవిరి పట్టాలి. లేకపోతే నల్లబడి కుళ్ళుతుంది. ఆవిరి పడితే ఆ చేదువాసన గోడలు దాటి వస్తుంది. కనుక గాయ్‌మెయ్ ఆ సాయంత్రం నుంచీ ఊళ్ళో ముక్కుతో తిరిగింది. ఒకరింట్లో ఉప్పు అడిగింది, ఒకరింట్లో అగ్గిపెట్టె అడిగింది, ఒకరి ముసలమ్మకి కాళ్ళనొప్పులెలా ఉన్నాయని అడిగి జవాబు వినకుండా వంటింట్లోకి నడిచింది. ఆ ఇళ్ళన్నీ ఊరికే. మనసులో ఆమె ఎప్పుడో నిర్ణయించేసుకున్న ఇల్లు ఒకటుంది. అది లాన్‌షియాంగ్ ఇల్లు.

లాన్‌షియాంగ్ వరసకి వదిన, ఉండేది పక్కింట్లో. రెండేళ్ళ కింద ఆమె మొగుణ్ణి సంచీతో సహా పట్టుకుని గుడి ముందు నిలబెట్టింది గాయ్‌మెయ్యే. ఆ ఏడు వాళ్ళు ఇంట్లో కూర్చుని ఊరంతా కొండెక్కడం చూశారు. చలికాలంలో గాడిదని అమ్ముకున్నారు. అప్పటినుంచీ ఇద్దరూ మాట్లాడుకోవడం మానలేదు గానీ, మాటల్లో మాత్రం ముళ్ళుంటాయి.

“వదినా, జల్లెడ ఉందా?”

గుమ్మంలో చిక్కుళ్ళు తుంచుతున్న లాన్‌షియాంగ్ తలెత్తలేదు. “జల్లెడ కావాలా, మా పొయ్యి వాసన కావాలా?”

“జల్లెడే.”

“మీ ఇంట్లో రెండున్నాయిగా. పోన్లే, లోపలికెళ్ళి చూసుకో. పొయ్యి మీద కుండుంది, మూత తీసి చూడు. పెట్టె వెనకాల కూడా చూడు, మా ఆయన దాక్కున్నాడేమో.”

ఇంకొకరైతే సిగ్గుతో చచ్చేవారు. గాయ్‌మెయ్ లోపలికెళ్ళి మూత తీసింది. కొర్రజావ. పెట్టె వెనకాల కూడా చూసింది. బూజు తప్ప ఏమీ లేదు.

“ఏం, చెయ్యి పడిందా కొండమీద?” అంది లాన్‌షియాంగ్, ఆమె బయటికి రాగానే.

“నేనలా అన్నానా?”

“నువ్వనలేదు, నీ మొహం అంటోంది. ఓ మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. ఊళ్ళో కుండలన్నీ వాసన చూస్తున్నావు గదా, పొద్దున్నే మీ ఆయన ఎక్కడికి పోతున్నాడో చూశావా?”

“కట్టెలకి పోతాడు.”

“రోజూ కట్టెలకేనా? వచ్చేటప్పుడు చంకలో నాలుగు పుల్లలు తప్ప ఏమీ ఉండవేం? కంచే చేను మేస్తే ఇంక కాపలా ఎందుకమ్మా!”

“మా ఆయన జోలికొచ్చావంటే నాలుక చీరేస్తా, వదినా.”

“చీరెయ్యి. ముందు ఆయన చేతులు చూసి, ఆ తరవాత వచ్చి చీరెయ్యి. ఇదిగో జల్లెడ.”

గాయ్‌మెయ్ అక్కర్లేని జల్లెడ పట్టుకుని ఇంటికొచ్చింది. లాన్‌షియాంగ్ నోటికి హద్దులేదని తెలుసు, పగ ఉందనీ తెలుసు. అయినా విత్తనం పడింది. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా!

ఆమె భర్త షువాన్‌లావ్ మట్టి అరుగు మీద కూర్చుని గంప అల్లుతున్నాడు. మనిషి నెమ్మది. పెళ్ళయినప్పటినుంచీ ఇంట్లో గొంతు ఆమెదే, పని ఆయనది. అబద్ధమాడటం కూడా సరిగా రాని మనిషని ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే ఎదురుగా కూర్చుని చేతుల వంక చూసింది. బొటనవేళ్ళ గోళ్ళు నల్లగా ఉన్నాయి. గోళ్ళ పక్కనుంచి చూపుడువేలి దాకా మరక, కోతలప్పుడు ఊరందరి చేతులకీ పట్టే మరకలాంటిదే.

“చేతికేంటయ్యా ఆ నలుపు?”

“ఏముందీ, అక్రోటు తొక్క తీశాను.”

“అక్రోట్లా? ఇప్పుడా?”

“రాలినవి రెండున్నాయి, చూద్దామని.”

అక్రోటు తొక్క చేతిని నల్లగా చేస్తుంది, నిజమే. కానీ అక్రోట్లలో ఇంకా పప్పు కూడా పట్టలేదు. చిన్నపిల్లలు కూడా వాటి వంక చూడరు. గాయ్‌మెయ్ ఆ ముక్క అనలేదు. అంటే మనిషి జాగ్రత్తపడతాడు. లేచి వెళ్ళి నూడుల్స్ పిండి కలిపింది. పిండి మీద కోపం చూపించింది.

అప్పటిదాకా చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. తువ్వాలు ఎప్పుడూ తలకి చుట్టుకునే మనిషి కొన్నాళ్ళుగా మెడకి చుట్టుకుంటున్నాడు. అడిగితే చెమట అంటాడు. చెమట నెత్తికి పట్టదా? బాగా వెనిగర్ పోసుకుని నూడుల్స్ రెండు గిన్నెలు లాగించేవాడు, ఇప్పుడు ఒక గిన్నెలో సగం వదిలేస్తున్నాడు. అంటే ఇంకెక్కడో తిని వస్తున్నాడు. ఎక్కడ? ఒక్క క్షణం ఇంకో రకం అనుమానం కూడా తగిలింది. కానీ ఆ మొహాన్నీ ఆ చిరుగుల చొక్కానీ చూసి, ‘ఈయన్నెవతి పిలిచి పెడుతుందిలే’ అని దాన్ని పక్కన పెట్టేసింది. ఈ మధ్య ఊరి మలుపు దగ్గర మూడు చక్రాల బండి ఆపుకుని నిలబడ్డ దళారితో ఈయన తల వంచుకుని ఏదో మాట్లాడటం ఆమే చూసింది. దళారి అంటే గంటకి ముందే కాయ కొనడానికి కాచుకుని తిరిగే రకం. “ఏంటయ్యా వాడితో?” అంటే, “ఊరికే, పలకరించాడు” అన్నాడు.

అన్నీ కలిపి చూస్తే అర్థం ఒకటే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, హువాంగ్‌యా కొండదేవుడికి మాత్రం పట్టుకునే దారుంది. దొంగ పెళ్ళామే ఆయన కాపలా మనిషి.

తిండి దగ్గర ఒక ఎర వేసింది.

“రేపు పొద్దున్నే నేను ఉత్తరపు వాలుకి పోతా. అటువైపు ఎవరో తిరుగుతున్నారని చెప్పారు. ఎర్రరాయి లోయకి రెండ్రోజుల దాకా రాను.”

“పో” అన్నాడు షువాన్‌లావ్. తరవాత, అడగక్కర్లేని మాట అడిగాడు. “ఎర్రరాయి వైపు ఎవరూ రారా అయితే?”

“ఎందుకు?”

“కాపలా ఉండద్దా అని.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. గాయ్‌మెయ్ గిన్నెలు తీసేసింది. ఈ మనిషి ఇలా చేస్తే రేపు లాన్‌షియాంగ్ ముందునుంచి ఎలా నడిచి వెళ్ళాలి? ఆ గాడిదని అమ్మిన రోజు ఆ ఇంట్లో ఏడుపు ఈ ఇంట్లోకి వినపడింది. ‘కట్టుబాటు కట్టుబాటే’ అని ఆవేళ తను తలుపు వేసుకుంది. ఇప్పుడు అదే కట్టుబాటు తన ఇంటి తలుపు తడుతోంది.

తెల్లవారగానే ఉత్తరం దారి పట్టినట్టే పట్టి, కూలిన గోడ చాటునుంచి వెనక్కి తిరిగింది. షువాన్‌లావ్ కొడవలి చంకన పెట్టుకుని మెల్లగా లోయలోకి దిగాడు. పొద దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కింది కొమ్మ ఎత్తి, కాయలు దూసి, జేబులో వేసుకున్నాడు. సంచి లేదు. జేబు నిండగానే లేచాడు. జేబెడు కాయలతో దళారి ఏం చేసుకుంటాడు? అది ఆమెకి అంతుపట్టలేదు. అయినా కోపానికి లెక్కలు అక్కర్లేదు కదా, వెనకాలే నడిచింది.

ఆయన వెళ్ళింది లోయ చివర పాడుబడ్డ రాతి ఇంటికి. అది ఆయన అన్నగారి ఇల్లు. అన్న పోయి చాలా ఏళ్ళయింది, ఇల్లు బల్లులకి వదిలేశారు. కాసేపటికి పొగ లేచింది. ఆ వెనకే వాసన వచ్చింది. లియన్‌చ్యావ్ ఉడికే చేదువాసన. ఊరంతా వెతికిన వాసన.

ఆమె తలుపు నెట్టింది.

“కాల్చు, బాగా కాల్చు! ఊరు నా మొహాన ఉమ్మేస్తుంటే ఆ మంట దగ్గర చలి కాచుకుందువుగాని!”

షువాన్‌లావ్ చేతిలో గిన్నె ఒలికింది. ఆవిరి పట్టే బుట్టల్లేవు, ఆరబెట్టిన చాపల్లేవు. మూడు రాళ్ళ మీద ఒక చిన్న మట్టిపిడత, అందులో మరిగి మరిగి నల్లబడ్డ కషాయం. ఆయన గొంతులో దింపుకుంటున్నది అదే. తువ్వాలు పక్కన గట్టు మీద పడి ఉంది. మెడకి ఎడమవైపు, దవడ కింద, కోడిగుడ్డంత గడ్డ.

ఆమెకి తిట్టడానికి ఇంకా చాలా ఉంది. అది మానేసి ఆయన గడ్డం పైకెత్తి చూసింది.

“చూశావుగా” అన్నాడాయన, తప్పు చేసిన పిల్లాడిలా.

“ఎప్పట్నుంచి?”

“పూలప్పుడు శనగగింజంత ఉండేది.”

“పూలప్పుడా! కాయలొచ్చాయి కదయ్యా! ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“నీకు చెప్తే పట్నం ఈడుస్తావు. అన్నయ్యకీ ఇక్కడే వచ్చింది. పట్నం తీసుకెళ్ళాం. ఎలా తెచ్చామో నువ్వూ చూశావు. గడ్డకి లియన్‌చ్యావ్‌ని మించింది లేదని మా తాత అనేవాడు. దళారినడిగితే పచ్చిది మరిగిస్తే ఇంకా ఘాటన్నాడు. దేశం మొత్తానికి పనిచేసే మన కొండ మందు మనకి పనిచెయ్యదా?”

“పనిచేస్తే అది తగ్గాలి. తగ్గిందా?”

ఆయన గట్టు మీది తువ్వాలు అందుకుని మెడకి చుట్టుకున్నాడు.

“గంటకి ముందు కోస్తే కాయలో సత్తువ ఉండదని ఊళ్ళో గొంతు చించుకునేది ఎవరయ్యా? నేనే గదా! ఊరు నమ్మింది. నా ఇంట్లోవాడు నమ్మలేదు. సత్తువలేని చెత్త తాగుతూ కూర్చున్నావు.” అప్పుడు ఏడుపొచ్చింది ఆమెకి. ఏడుస్తూనే పిడతని కాలితో తన్నింది. “లే. ఇవాళే బస్సెక్కుదాం.”

“కొండ తెరిచే ముందా?”

“కొండ గంగలో కలవనీ.”

“ఏడాది తిండి. నువ్వొక్కదానివీ ఆ వాలు కొయ్యలేవు. కోత కానియ్యి, ఆ తరవాత చూద్దాం.”

“కోసినాక ఆరబెట్టాలంటావు. ఆరాక అక్రోట్లంటావు. అక్రోట్లయ్యాక మంచు పడింది, దారి మూసుకుపోయిందంటావు. నీ సంగతి నాకు తెలీదా?”

“అయినా నువ్వెక్కడికి వస్తావు? గంట రోజున కాపలా మనిషి లేకపోతే ఊరూరుకుంటుందా? నీ పెత్తనం ఏం కావాలి?” ఆయన అది ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగానే ఆమెకి అది ప్రాణమని ఆయన అనుకున్నాడు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. “చూడు, కాయ కోసినట్టు ఎవరూ చూడలేదు. గడ్డ సంగతి కూడా ఎవరికీ చెప్పకు. చెప్తే పలకరింపులకొచ్చి అప్పుడే నన్ను పాడె మీద పడుకోబెట్టినట్టు చూస్తారు. ఒట్టెయ్యి.”

ఆమె వెయ్యనంది. ఆయన గిన్నె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మధ్యాహ్నం దాకా కూర్చునేలా ఉన్నాడు. ఆ మొండితనం ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన కొత్తలో ఒక ఎద్దు కోసం రెండు రోజులు సంతలో అలాగే కూర్చున్నాడు.

“సరే. నీ గడ్డ సంగతి నా నోటినుంచి రాదు, ఒట్టు” అంది చివరికి.

ఆ తరవాత గంట రోజు దాకా ఆమె ఆయన్ని కనిపెట్టుకునే ఉంది. మింగేటప్పుడు గుటక ఎలా దిగుతుందో చూసింది. నిద్రలో ఊపిరి విన్నది. తువ్వాలు కింద గడ్డ పెరిగిందా, తగ్గిందా అని ఓరకంట కొలిచింది. దొంగల్ని చూసే చూపే అది, మనిషి మారాడంతే. బుజ్జగించింది, తిట్టింది, అత్తారింట్లో ఉన్న కూతురితో ఫోన్ చేయిస్తానని బెదిరించింది. ఆయన ప్రతిదానికీ ఒకటే అన్నాడు, “కోత కానియ్యి.” గంపలకి కొత్త పట్టెలు కట్టుకున్నాడు. చేతి తొడుగులు కుట్టుకున్నాడు. రేపు కొండెక్కే మనిషి తయారీ అంతా చేసుకున్నాడు.

గంట రోజు పొద్దున ఊరంతా గుడి ముందు మూగింది. గంపలు, సంచులు, కొక్కేల కర్రలు. గుడి గట్టు మీద అగరొత్తులు, ఆవిరి రొట్టెలు, ఒక సారా సీసా. టపాకాయల దండ పట్టుకుని నిలబడ్డాడొకడు. మాట అవగానే అంటించాలి, గంట కొట్టాలి, ఊరు పరుగెత్తాలి. ఎవరి వాలు వాళ్ళదే అయినా, ఎండ ముదిరేలోగా ఎంత కోసుకుంటే అంత లాభం.

ఊరిపెద్ద యోంగ్‌షంగ్ వయసులో ఆమె కంటే చిన్నవాడు. గంట కర్ర ఆమె చేతికిచ్చి నవ్వాడు. “కానియ్యి పెద్దమ్మా. ఎండెక్కుతోంది.”

గాయ్‌మెయ్ కొండదేవుడి వంక తిరిగింది. రంగు వెలిసిన మట్టి మొహం. ఆ మొహంలో ఆమెకి ఎప్పుడూ దయ కనపడలేదు, ఆవేళా కనపడలేదు.

“ఈ ఏడు కొండ మీద...” అంది. ఆగింది. “చెయ్యి పడింది.”

గుంపులో గుసగుసలు లేచాయి. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు అప్పుడే లాన్‌షియాంగ్ వైపు తిరిగారు. లాన్‌షియాంగ్ గంప కింద పడేసి, నడుముకి చేతులు పెట్టుకుంది.

“నా వైపు చూస్తారేంట్రా? కళ్ళు పీకేస్తా!”

“ఎవరిది పెద్దమ్మా?” అన్నాడు యోంగ్‌షంగ్.

“మా ఇంటిది.”

వెనక వరసలో షువాన్‌లావ్ గంప పట్టె బిగిస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

“మా ఆయన కోశాడు. ఎర్రరాయి లోయలో. నా కళ్ళతో చూశాను.”

యోంగ్‌షంగ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నీకేమన్నా మతిపోయిందా? ఇంకెవరన్నా చూశారా?”

“లేదు.”

“మరి చెప్పడమెందుకు? కొంచెం సేపు తల తిరిగిందనుకుని ఇంకోసారి చెప్పు. నేను వినలేదు.”

“నువ్వు విన్నావు, ఊరు విన్నది, దేవుడు విన్నాడు. లాన్‌షియాంగ్ వదిన ఇంటికి ఏ కట్టుబాటో నా ఇంటికీ అదే. ఈ ఏడు మేం కొండెక్కం.”

కర్ర యోంగ్‌షంగ్ చేతిలో పెట్టేసింది. కట్టుబాటు తప్పిన ఇంటి చెయ్యి గంట ముట్టకూడదు కదా. ఇంక చేసేది లేక అతనే కొట్టాడు. టపాకాయలు పేలాయి. జనం కదిలారు గానీ, ఎప్పటిలా అరుచుకుంటూ కాదు. వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయారు. ఆమె ఎందుకు చెప్పిందో ఒక్కరికీ అర్థం కాలేదు. అర్థం కానిదాన్ని నమ్మే అలవాటు ఆ ఊరికి లేదు. దీని వెనక ఏదో ఎత్తుందనీ, దళారితో పెద్ద బేరమేదో కుదిరిందనీ దారిలోనే కథలు మొదలయ్యాయి.

లాన్‌షియాంగ్ వాళ్ళతో పోలేదు. వచ్చి గాయ్‌మెయ్ ఎదురుగా నిలబడింది.

“మా ఆయన్ని పట్టించిన రోజు, నీ ఇల్లు గుల్లయిపోవాలని ఇదే దేవుడికి మొక్కుకున్నా” అంది. “ఇవాళ తీరింది. మరి నాకు సంతోషంగా లేదేంటే?”

“నన్నడుగుతావేం? దేవుణ్ణడుగు.”

“నీ నోట్లోంచి ఊరికే నిజం ఊడిపడదు. ఏదో ఉంది.”

“ఏమీ లేదు. దొంగ దొరికాడు, అంతే.”

లాన్‌షియాంగ్ చూపు ఆమెని దాటి షువాన్‌లావ్ దాకా పోయింది. ఆ మనిషిని కిందనుంచి పైకి చూసింది. చిక్కిన బుగ్గలు, పొద్దున్నే మెడకి చుట్టిన తువ్వాలు, దాని కింద ఒక పక్కకి ఎత్తుగా కనపడుతున్నదేదో. చాలాసేపు చూసింది. తరవాత గంప ఎత్తుకుంది.

“మీ కోళ్ళకి నేను గింజలు వేస్తాలే” అంది.

“నేనెక్కడికో పోతున్నానని చెప్పలేదే!”

“నువ్వు చెప్పలేదు” అని లాన్‌షియాంగ్ కొండవైపు నడిచింది.

గుడి ముందు ఇద్దరే మిగిలారు. టపాకాయల పొగ ఇంకా చెదరలేదు. షువాన్‌లావ్ గంప ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆయన గొంతు పెరిగింది.

“ఒట్టేశావు గదే!”

“గడ్డ సంగతి చెప్పనని వేశాను. చెప్పానా? కాయ సంగతి చెప్పనని వెయ్యలేదు.”

“ఏడాది తిండి నోటి దగ్గరనుంచి తోసేశావు. ముప్పయ్యేళ్ళ పరువు పదిమంది ముందూ తీసేశావు. ఇప్పుడు నేనేం చెయ్యను? ఇంట్లో కూచుని గోడలు చూడనా?”

“గోడలెందుకు చూడ్డం? కోత లేదు, ఆరబెట్టడం లేదు, నీకింక ఒక్క పని లేదు, ఒక్క సాకు లేదు. పట్నం బస్సు కాసేపట్లో మలుపు దగ్గరికొస్తుంది. నడు.”

ఆయనకప్పుడు అర్థమయింది. అర్థమయ్యాక కోపం ఇంకా ఎక్కువైంది. కొండదారిన పోయే జనాన్ని చూశాడు, తన వంతు వాలు మీద అప్పుడే వంగుతున్న వీపుల్ని చూశాడు. గంప తీసి నేలకేసి కొట్టి, ఆమెకంటే ముందు దిగువ దారిన నడిచాడు. ఆమె గంప ఏరుకుని వెనకాలే వెళ్ళింది. ఎక్కడ పక్కదారి పట్టి పారిపోతాడోనని ఆమె ఆయన వీపు మీంచి చూపు తియ్యలేదు.

బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. షువాన్‌లావ్ మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయాడు.

“పట్నంలో డాక్టరు ఏం చెప్పినా సరే, రేపట్నుంచి నేను ఊళ్ళో దొంగనే” అన్నాడు, వెనక్కి తిరక్కుండా. “నిన్ను దొంగ పెళ్ళాం అంటారు.”

“అననీ. మర్యాదస్తుడి విధవ అనిపించుకోవడం కంటే అదే నయం” అంది గాయ్‌మెయ్.

డ్రైవరు హారన్ కొట్టాడు. షువాన్‌లావ్ లోపలికెక్కి, ఆమెకి కిటికీ పక్క సీటు వదిలి కూర్చున్నాడు.